వంటింటి అరల కాగితం

"ఆ పొట్లం కట్టిచ్చింది ఎవరొదినా?"

సుధారాణి అడుగుతూనే ఉంది. రెడ్డెమ్మ గుమ్మంలో నిలబడ్డ షావలి మొహంలోకే చూస్తోంది. కట్టిచ్చింది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. అడిగేదానికీ తెలుసు. అయినా ఆ మాట రెడ్డెమ్మ నోటినుంచే రావాలని సుధారాణి పట్టు.

నిన్న మధ్యాహ్నం బస్సు సీట్లు మాట్లాడటానికి ఇద్దరు మనుషులు కువైట్‌లో తాముండే ఫర్వానియా నుంచి పక్కనున్న రిగ్గైకి బయల్దేరారు. ఒకడు రెడ్డెమ్మ తమ్ముడు, సుధారాణి మొగుడు శివకుమార్, ఇంకొకడు పై అంతస్తు షావలి. సీట్లు దొరికాయి. రేపు పొద్దున బస్సు. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడినుంచి అమ్మాన్, ఆ తర్వాత విమానం. అన్నీ కుదిరాక తిరిగొచ్చే దారిలో శివకుమార్‌ను ఇరాకీ సైనికులు పట్టుకుపోయారు. షావలి ఒక మూసేసిన షాపు వెనక దాక్కుని, తెల్లారాక ఇల్లు చేరాడు.

"ఇంగోసారి చెప్పు షావలన్నా," అంది సుధారాణి. "మా వదిన చెవులో పడినట్ల లేదు."

షావలి మళ్లీ మొదలుపెట్టాడు. "చెక్‌పోస్టు కాడ నిలిపినారు. నా జేబులు ఎతికి పోనిచ్చినారు. శివ సంచిలో శెనక్కాయ గింజల పొట్లం ఉండె. ఆ మిలిటరీవాడు నవ్వుకుంటానే గింజలు నోట్లో యేసుకొనె. నములుతా నములుతా కాగితం మడత ఇప్పినాడు. అంతే, నమిలేది నిలిపేసినాడు. శివ చెంప మీద ఒగటి పీకినాడు. ఎవురిచ్చినారు, యాడిది అని ఒకటే అరుపు. వీడేమో ఉఖ్తీ, ఉఖ్తీ అంటాండాడు."

ఉఖ్తీ అంటే మా అక్క. కువైట్‌లో ఇన్నేళ్లున్న రెడ్డెమ్మకు ఆ మాత్రం అరబ్బీ తెలుసు.

"నేనే కట్టిచ్చినా," అంది. "దావలో ఆకలైతాదని. తింటాడని."

"తినె. బాగా తినె," అంది సుధారాణి. "మిలిటరీవాళ్ల చేతుల్లో తినె."

రెడ్డెమ్మ భర్త బాలసుబ్బయ్య అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేచి వచ్చాడు. "ఏముండాది ఆ కాగితంలో?"

"నాకేం తెల్సు? మాట్లాడేది వచ్చుగానీ నాకు అరబ్బీ చదివేది రాదు," అన్నాడు షావలి. "శివను ఆ చెక్‌పోస్టు కాడ మూసేసిన బడిలో పెట్టినారంట. అంతవరకే తెలిసింది. నేను పోతాన్నా. నన్ను పిలవగాకండి."

అతను మెట్లెక్కి వెళ్లిపోయిన చప్పుడు అందరూ విన్నారు.

రెడ్డెమ్మ చేతిలో పడిన వస్తువు చెత్తబుట్ట మొహం చూసి ఎరగదు. పాలపొడి అయిపోతే నీడో డబ్బా కందిపప్పుకు పనికొస్తుంది. ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగితే కాళ్లు రెండూ కత్తిరించి సంచులు కుడుతుంది. చీర అంచులు గుమ్మానికి తెరలయ్యాయి, పాత లుంగీలు నాలుగు పొరల బొంత అయ్యాయి. చెప్పు తెగితే నైలాను దారం పెట్టి కుట్టేది, పారెయ్యనిచ్చేది కాదు. బిల్డింగులో ఆమెకు డబ్బాల రెడ్డెమ్మ అని పేరు. ఆమె ముందు ఎవరూ అనేవాళ్లు కాదు, మొగుడు తప్ప. బాలసుబ్బయ్య అయితే నలుగురిలో నవ్వుతూనే, "మా ఇంట్లో పెంటదిబ్బ కూడా వరసగా పేర్చుంటాది" అనేవాడు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడి, షాపులు దోపిడీకి పోయి, రొట్టెల కోసం పొద్దున్నుంచి క్యూలు కట్టే రోజులొచ్చాక ఆ నవ్వులు ఆగిపోయాయి. ఆమె డబ్బాల్లో పప్పుంది, చింతపండుంది, ఎండుమిరపకాయలున్నాయి. పిండి దగ్గరినుంచి జీలకర్ర దాకా ఏ పూటకెంతో చిన్న చిన్న పొట్లాలు కట్టి పెట్టింది. నవ్వినవాళ్లే వచ్చి అడిగి పట్టుకెళ్లారు. అడగనివాళ్లకు తనే పంపింది.

బడి మూతపడ్డ కూతురు రమణికి బాల్కనీయే బడి చేసింది. స్టీలు గ్లాసు చుట్టూ తడికాగితం చుట్టి, అడుగు మడిచి, చిన్న చిన్న గిన్నెలు చేసి, మట్టిపోసి మెంతులు చల్లారు తల్లీకూతుళ్లు. ముందు వేరు కిందికి పోతుందని, ఆ తర్వాతే ఆకు పైకొస్తుందని రమణి ఒక గింజను తవ్వి చూసి కనిపెట్టింది. ఆ పూట ఇంట్లో అదే పెద్ద వార్త.

వీటన్నిటికీ కాగితం కావాలి. మునుపైతే బాలసుబ్బయ్య డ్రైవరుగా ఉన్న మిష్రిఫ్ విల్లానుంచి పాత అరబ్బీ పేపర్లు తెచ్చేవాడు. ఆ ఇంటివాళ్లు సౌదీకి పారిపోయారు, పేపర్లూ ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే మెట్ల కింద కాగితాలు పడి ఉండటం మొదలైంది. ఒకవైపు అరబ్బీ అచ్చు, రెండోవైపు తెల్లగా ఉండేది. దళసరి కాగితం. జమియా సహకార స్టోర్సు వాళ్ల ధరల కాగితాలనుకుంది రెడ్డెమ్మ. మునుపు వాళ్లు అలాగే పంచేవాళ్లు. తెలిసినవాళ్లు చూడనట్టు దాటుకుని పోయారు, తెలియనివాళ్లు తొక్కుకుంటూ పోయారు. రెడ్డెమ్మ ఒక్కతే వంగి అన్నీ ఏరుకుంది.

పుట్టింట్లో తల్లి చేసినట్టే వంటింటి అరలన్నిటికీ పరిచింది. మడత మీద మడత వేసి, కిందికి వేలాడే అంచును కత్తెరతో కత్తిరిస్తే, విప్పగానే మొగ్గల వరస. రాయచోటి పక్క ఏ వంటింట్లో చూసినా అరలకు ఆ అంచే ఉంటుంది.

"ఖాదరన్నను పిలుచుకొని రా," అంది రెడ్డెమ్మ ఇప్పుడు మొగుడితో.

అబ్దుల్ ఖాదర్ ఎదురు ఫ్లాటులో ఉంటాడు. రాయచోటివాడు. ఆఫీసు కాగితాలు మంత్రిత్వ శాఖల చుట్టూ తిప్పే ఉద్యోగంలో అరబ్బీ చదవడం పట్టుబడింది. వెంట భార్య షరీఫా బీ కూడా వచ్చింది. ఖాదర్ వంటింట్లోకి వెళ్లి, పైఅర మీద మొగ్గల అంచును వేలితో కొంచెం పైకెత్తి చదివాడు. ఇంకో అర చూశాడు. మూడో అర చూడలేదు.

"ఇవి యాడివి?"

"మెట్ల కింద పడింటే తెచ్చినా. జమియా కాగితాలు గదన్నా?"

"జమియా కాదు రెడ్డెమ్మా." అతని గొంతు తగ్గిపోయింది. "ఇరాకోళ్ల పనికి పోగాకండి, వాళ్లు చెప్పిన నంబరు ప్లేట్లు కట్టుకోగాకండి, మన దేశం మనకొచ్చేదాకా తలొంచగాకండి అని కువైటీలు రహస్యంగా అచ్చేసి పంచుతాండారు. ఇది ఒగటి చేతిలో దొరికితే చాలు. నిన్ను పంచేదానివనే అనుకుంటారు."

స్టవ్వు మీద పప్పు ఉడుకుతోంది. ఎవరూ దాన్ని దించలేదు.

షరీఫా బీ నెమ్మదిగా అంది: "నాకిచ్చిన ధనియాల పొట్లం?"

రెడ్డెమ్మ తల ఊపింది.

"ఎండుమిరపకాయలది?"

మళ్లీ ఊపింది. షరీఫా బీ పవిట నెత్తిమీదికి లాక్కుని తన ఫ్లాటులోకి వెళ్లింది. కాసేపటికి టాయిలెట్లో నీళ్లు పోసిన చప్పుడు, మళ్లీ మళ్లీ. ఆ చప్పుడు రెడ్డెమ్మకు చెంపదెబ్బలా తగిలింది. కరువులో ధనియాలు, మిరపకాయలు డ్రైనేజీలో పోతున్నాయి. ఇన్నేళ్ల స్నేహమూ వాటితోపాటే పోయింది.

"చాల్నా వదినా? సంతోషమా?" అంది సుధారాణి. "ఊరంతా నీ మాదిరి ఏరుకోనుంటే అందరం జైల్లోనే ఉందుము. కొనుక్కుందాం అక్కా, పారేద్దాం అక్కా అని ఆయన ఎన్నిసార్లు నీతో మొత్తుకొనె! వింటివా? నీకు గుడ్డపీలికే ముద్దు, కాగితమ్ముక్కే ముద్దు. ఇప్పుడు నా మొగుణ్ణి కూడా ఏ డబ్బాలోనన్నా పెట్టి మూత బిగించి దాచుకో."

రెడ్డెమ్మకు కోపం రావాలి. రాలేదు. అనడానికి ఏముంది? కువైట్‌కు రానని మొండికేసిన తమ్ముణ్ణి పిలిపించింది తను. పూచీదారు కఫీల్‌ను పట్టుకుని వీసా తీయించింది తను. పొట్లం కట్టిచ్చిందీ తనే.

"కాల్చేద్దాం," అన్నాడు బాలసుబ్బయ్య. "ముందు ఇవన్నీ పీకి కాల్చేద్దాం. వాళ్లు ఎతుక్కుంటా వస్తారు. శివ అక్క అనిండాడంటే, ఆ అక్క ఇల్లు యాడుండాదో చెప్పేకి ఎంతసేపు?"

ఆయన అప్పటికే పైఅర మీద చెయ్యి వేశాడు. రెడ్డెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు."

"ఏంది వద్దు?"

"ఇవి కాలిస్తే నా తమ్ముడు దొంగ ఐతాడు. ఇవి ఉంటేనే గదా, మా ఆడోళ్లు అరల్లో పరుచుకునేవి ఇవి అని చెప్పేది? అంచు చూస్తే తెలీదా? ఎవడన్నా కరపత్రానికి మొగ్గలు కత్తిరిస్తాడా?"

బాలసుబ్బయ్య ఆమెను వింతగా చూశాడు. "ఆ మిలిటరీవాడికి నీ మొగ్గలు చూపిస్తావా?"

"చూపిస్తా. ఆ బడికి పోతా."

"పోతే మళ్లీ రావు. రేప్పొద్దున బస్సు. నాకొక బిడ్డ ఉండాది. నీకూ ఉండాది, గుర్తుందో లేదో."

"బిడ్డ నీకు ఇప్పుడు గుర్తొచ్చిందా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం నల్లబడింది. గది మూలలో రమణి బొంత కప్పుకుని కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. చివరికి రెడ్డెమ్మే తగ్గింది.

"నేనొచ్చేదాకా ఒక్క కాగితం ముట్టుకోగాకు. అంతే అడుగుతుండా. రాకపోతే నీ ఇష్టం, కాల్చుకో."

బాలసుబ్బయ్య ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఆయన మౌనాన్ని రెడ్డెమ్మ ఎప్పుడూ ఒప్పుకోలుగానే లెక్కవేసుకుంటుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ లెక్క చాలాసార్లు తప్పింది. అయినా మార్చుకోలేదు.

అరబ్బీ మాట్లాడేవాళ్లు లేకుండా పోయి లాభం లేదు. ఖాదర్ వస్తానన్నాడు. తలుపు చాటునుంచి షరీఫా బీ గొంతు వినబడింది. "నువ్వెందుకయ్యా? నీ తమ్ముడా, నా తమ్ముడా?"

"నా చేతి అన్నం తిన్నోడే షరీఫా," అన్నాడు ఖాదర్. మెట్లు దిగుతూ మాత్రం వెనక్కి తిరక్కుండా అన్నాడు: "రెడ్డెమ్మా, ఒక్క మాట. ఎవురెవురికి పొట్లాలు ఇచ్చినావని అడుగుతారు. మా పేరు ఎత్తగాకు."

"ఎత్తనన్నా."

అది పిల్లల బడి. గేటు దగ్గర ఇసుక బస్తాలు, లోపల ఆటస్థలంలో ట్రక్కులు. వాళ్లను ఒక తరగతి గదిలోకి తీసుకెళ్లారు. టీచరు బల్ల వెనక ఒక ఆఫీసరు కూర్చుని టీ తాగుతున్నాడు. మనిషి చాలా రోజులనుంచి నిద్ర లేనట్టున్నాడు. అతని వెనక గోడకు పిల్లల పటం ఒకటి ఇంకా వేలాడుతోంది. గింజ పగలడం, వేరు దిగడం, రెండాకులు లేవడం, రంగురంగుల బొమ్మలు. రమణికి చూపిస్తే ఎంత సంబరపడేదో అని ఆ గడియలో కూడా రెడ్డెమ్మకు తోచింది. తోచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వరండాలో, పక్క గది తలుపు బయట, చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. అందులో ఒక చెప్పుకు నీలిరంగు నైలాను దారంతో కుట్టు. ఆ కుట్టు ఆమెదే. కొత్తవి కొనుక్కుంటానక్కా అని శివ అంటే, ఇంకో ఆరునెల్లు వస్తాయి పో అని కుట్టిచ్చింది. తలుపు మూసి ఉంది. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు.

"శివా!" అని గట్టిగా పిలిచింది. కాపలా సైనికుడు తుపాకి అడ్డంపెట్టి తోశాడు. లోపల ఎవరో దగ్గారు. తమ్ముడిదో కాదో తెలియలేదు.

ఖాదర్ ఆఫీసరుకు చెప్పడం మొదలుపెట్టాడు. చేతులు కట్టుకుని, తల వంచుకుని, మాటకు ముందొకసారి వెనకొకసారి అయ్యా అన్నట్టు సీదీ, సీదీ అంటూ. ఆఫీసరు సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పొట్లం మడతలు ఇంకా పోలేదు. నూనె మరక ఉంది. రెడ్డెమ్మ దాన్ని గుర్తుపట్టింది.

"ఇది వంటింటి కాగితమంటే నవ్వుతుండాడు," అన్నాడు ఖాదర్.

"కత్తెర ఇమ్మను."

"ఏంది?"

"కత్తెర ఇమ్మనన్నా. చేసి చూపిస్తా."

బల్లమీద టీచరు పెన్నుల డబ్బాలో పిల్లల కత్తెర ఉంది, మొన గుండ్రంగా ఉండేది. ఆఫీసరు దాన్ని, ఒక తెల్ల కాగితాన్ని ముందుకు తోశాడు. రెడ్డెమ్మ కాగితం అందుకుంది. మడిచింది. మళ్లీ మడిచింది. మొద్దు కత్తెర సరిగ్గా తెగలేదు, అయినా తిప్పి తిప్పి కత్తిరించింది. తుంపులు నేలమీద పడితే అలవాటు కొద్దీ వంగి ఏరి గుప్పిట్లో పెట్టుకుంది. విప్పి బల్ల అంచున పరిచింది. మొగ్గల వరస కిందికి వేలాడింది.

"ఇట్ల. మా ఇండ్లల్లో అరలకు ఇట్ల పరుస్తాం. పొట్లాలు కడతాం. చదువుకోనుంటే ముట్టుకోనుంటినా? రాసిందేందో నాకూ తెలీదు, నా తమ్మునికీ తెలీదు. వాడు తిండి తెచ్చుకున్న్యాడంతే. తప్పైతే నాది. నన్ను పెట్టుకో, వాణ్ణి ఇడిచిపెట్టు."

ఖాదర్ ఆ చివరి మాటలు తర్జుమా చేశాడో లేదో ఆమెకు తెలియదు. ఆఫీసరు కాగితాన్ని ఎత్తి, వెలుతురుకు పట్టుకుని చూశాడు. నవ్వలేదు ఈసారి. ఏదో అడిగాడు.

ఖాదర్ ఆ ప్రశ్నను ఆమెకు చెప్పాడు. "ఇంకా ఎవరికిచ్చినావని."

రెడ్డెమ్మ అతనివైపు చూడలేదు. "ఎవురికీ ఇయ్యలేదు. మా ఇంట్లో పనికే."

ఆఫీసరు టీ గ్లాసు ఖాళీ చేశాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు. అతను చెప్పింది ఖాదర్ బడి మెట్లు దిగుతూ ఊపిరి అందకుండా చెప్పాడు. "నమ్మినట్లే ఉండాడు రెడ్డెమ్మా! ఇంటికి పోయి అరలు చూస్తానంటుండాడు. ఇట్లాంటి అంచులే ఉంటే ఈ పొద్దే ఇడిచిపెడ్తాడంట. లేకుంటే బస్రాకు పంపిచ్చేస్తాడంట. బస్రా పోయినోళ్లు మళ్లీ రారు."

జీపులో వెనక కూర్చుంటే రెడ్డెమ్మకు ఏడుపొచ్చింది. పొద్దున్నుంచి రానిది ఇప్పుడొచ్చింది. తన పిచ్చి తన తమ్ముణ్ణి ముంచింది, ఇప్పుడు ఆ పిచ్చే తేల్చబోతోంది. రేపు బస్సులో ఐదుగురూ ఉంటారు. సుధారాణి తనతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, అమ్మాన్ దాకా మొహం తిప్పుకుని కూర్చోనీ. రాయచోటి చేరాక జన్మలో కాగితం దాచిపెట్టను దేవుడా, అనుకుంది.

బిల్డింగు మెట్ల దగ్గరే వాసన తగిలింది.

మొదట పప్పు మాడిందేమో అనుకుంది. తను దించకుండా వచ్చింది కదా. రెండో అంతస్తుకు వచ్చేసరికి అది పప్పు కాదని తెలిసింది. ముందు ఆఫీసరు, వెనక ఇద్దరు సైనికులు, ఆ వెనక ఖాదర్. రెడ్డెమ్మ అందర్నీ తోసుకుని పైకి పరిగెత్తింది.

తలుపు తీసే ఉంది. ఇల్లంతా కాలిన కాగితం వాసన, దాని మీద ఫినాయిల్ వాసన. వంటింట్లో అరలు బోసిగా ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచినట్టు రాతి పలకలు మెరుస్తున్నాయి. డబ్బాలన్నీ పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు, మూతలు బిగించి, వరసగా ఉన్నాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో బాలసుబ్బయ్య వంటిల్లు సర్దడం ఇదే మొదటిసారి.

సుధారాణి బాత్‌రూం గుమ్మంలో కూర్చుని ఉంది. మోచేతుల దాకా మసి. పక్కన ఇనప బకెట్లో తడిబూడిద.

"అన్న చెప్పినాడొదినా," అంది. పొద్దుటి గొంతు కాదది. "ఎతికేకొచ్చి ఇవి చూస్తే ఆయన్ను ఆడనే కాల్చేస్తారని చెప్పినాడు. ఒక్క తునక లేకుండా కాల్చేస్తి. నా చేత్తోనే కాల్చేస్తి. మేలే చేస్తి గదా?"

రెడ్డెమ్మ బకెట్లోకి వంగి చూసింది.

ఆఫీసరు వంటింట్లో నిలబడి అరలకేసి చూశాడు. పై అర మీద వేలు పెట్టి రాశాడు. వేలికి ఏమీ అంటలేదు. ఖాదర్ వైపు తిరిగి ఏదో అన్నాడు. ఖాదర్ నోరు విప్పేలోగా బాలసుబ్బయ్య ముందుకొచ్చాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. భార్య అక్కడేం చెప్పివచ్చిందో ఆయనకు తెలియదు. తెలుసుకోవడానికి ఆమె మొహంలోకి చూస్తే చాలు. చూడలేదు.

"వరగ్ మా ఫీ సీదీ, మా ఫీ!" అన్నాడు, డ్రైవరుగా పట్టుబడిన అరబ్బీలో, రెండు చేతులూ ఊపుతూ. కాగితం లేదు, లేనే లేదు. "ఈ ఇంట్లో అట్లాంటి కాగితం ఎప్పుడూ లేదు. ఈ రోజూ లేదు, నిన్నా లేదు. ఎవరో అబద్ధం చెప్పినారు."

ఆఫీసరు నమ్మనట్టు కనుబొమలెత్తేసరికి బాలసుబ్బయ్య బాల్కనీ తలుపు దగ్గర నిలబడ్డ రమణి దగ్గరికి వెళ్లి, దాని నెత్తిన అరచెయ్యి పెట్టాడు.

"బిన్తీ మీద ఒట్టు. నా బిడ్డ మీద ఒట్టు."

"వద్దయ్యా!" అంది రెడ్డెమ్మ. ఆలస్యంగా అంది. ఆ చెయ్యి నెత్తిమీద పడింది, ఆ మాట బయటికొచ్చింది.

ఆఫీసరు రెడ్డెమ్మను చూశాడు, ఆమె మొగుణ్ణి చూశాడు. బడిలో ఆమె కత్తిరించిన మొగ్గల కాగితాన్ని జేబులోంచి తీసి, బోసి అర మీద పెట్టి, కిందికి వేలాడేసి చూసి, తీసి నలిపేశాడు. గొంతు పెంచకుండా ఒక ప్రశ్న అడిగాడు.

ఖాదర్ నేలకేసి చూస్తూ తెలుగులో చెప్పాడు. "మీ ఇద్దరిలో అబద్ధం ఎవరిదని అడుగుతుండాడు, రెడ్డెమ్మా. ఒక్కటే సారి అడుగుతాడంట."

బాలసుబ్బయ్యకు అప్పుడు అర్థమైంది. కూతురి నెత్తిమీద ఉన్న చెయ్యి జారిపోయింది. రెడ్డెమ్మ వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది, భయం ఉంది. వీటన్నిటికీ నువ్వే కారణమన్న నింద కూడా ఉంది. అబద్ధం తనదేనని రెడ్డెమ్మ ఒక్క మాట అంటే చాలు, ఆయన బతుకుతాడు, బిడ్డ మీద వేసిన ఒట్టూ నిలుస్తుంది. నీలి దారం కుట్టిన చెప్పు మాత్రం ఆ తలుపు బయటే ఉండిపోతుంది.

"వదినా," అంది సుధారాణి. విషయం దానికీ అర్థమైంది. తన మసిచేతులను తను చూసుకుంటూ మళ్లీ అంది: "వదినా, ఏదన్నా ఒగటి మిగిలుంటాది. నువ్వు ఏదీ పారెయ్యవు గదా. యాడన్నా ఒగటి పెట్టుంటావు. చూడొదినా."

రెడ్డెమ్మ కళ్లు బాల్కనీ వైపు మళ్లాయి.

రమణి తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. కాళ్ల వెనక చెక్కపెట్టెలో గిన్నెలు. గ్లాసు చుట్టూ తల్లీకూతుళ్లు చుట్టిన కాగితం గిన్నెలు. నాన్న వచ్చి అన్నీ పీకేస్తుంటే వాటిని వెనక దాచుకుని, అత్త వచ్చి అడిగినా కదలకుండా, అప్పటినుంచి ఆ పిల్ల అక్కడే నిలబడి ఉన్నట్టుంది. తడిసి ఉబ్బిన కాగితం మీద అరబ్బీ అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి. పై అంచున అమ్మ నేర్పినట్టే మొగ్గలు కత్తిరించి ఉన్నాయి, కొంచెం వంకరగా. లోపల మెంతి మొలకలు రెండాకులు వేశాయి.

అవి చూపిస్తే తమ్ముడి మాట నిజమవుతుంది. మొగుడి మాట అబద్ధమవుతుంది, బిడ్డ మీద ఒట్టుతో సహా. కాగితాలు కాల్చి దాచినవాణ్ణి ఈ ఆఫీసరు ఏం చేస్తాడో ఆమెకు తెలియదు. ఖాదర్‌కు తెలిసినట్టుంది, కళ్లు మూసుకున్నాడు.

"మేయ్, వద్దు," అన్నాడు బాలసుబ్బయ్య.

రెడ్డెమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి బాల్కనీ తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. గుప్పిట్లో బడిలో ఏరుకొచ్చిన కాగితం తుంపులు చెమటకు అంటుకుపోయి ఇంకా ఉన్నాయి.

"పక్కకు జరుగు తల్లీ," అంది.

రమణి జరగలేదు. తలెత్తి నాన్న వైపు చూసింది.